మధ్యాహ్నం ఆగిపోయే ఏసీ

హరిలాల్ కిరాయికి తిప్పే కారులో ఏసీ పొద్దున పూట మహా బుద్ధిగా ఉంటుంది. ఎండ ముదిరిందంటే చాలు, అత్తారింట్లో అలిగిన అల్లుడిలా మూతి ముడుచుకుంటుంది. బోనెట్ కింద టక్కుమని ఒక చప్పుడు, ఆ తర్వాత ముఖాన కొట్టేదంతా వేడిగాలే. వెనక సీట్లోవాళ్లు మొదట కర్చీఫు తీస్తారు, తర్వాత అద్దం దించుతారు, ఆఖరికి నోరు తెరుస్తారు. ఇది కారా, ఇటుక బట్టీనా అని అడిగినవాళ్లున్నారు. హరిలాల్ వెనక్కి తిరిగి, నిజంగానే ఆశ్చర్యపోయి, చల్లగా లేదా సార్ అనేవాడు.

దున్నపోతు మీద వాన కురిసినట్టు అని జనం ఊరికే అంటుంటారు. హరిలాల్ విషయంలో ఆ సామెత ఎండకు వర్తించింది. భార్య హేమ్లి పోయిన నాటి నుంచి అతనికి వేడి తెలియడం లేదు. పొయ్యి మీంచి దించిన టీ దించినట్టే తాగేస్తాడు. నాలుక మీద బొబ్బలేచిందని పక్కింటి రామక్క చూసి చెబితేనే తెలిసింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో, అద్దాలన్నీ బిగించుకుని, ఏసీ లేని కారులో చొక్కా గుండీ కూడా విప్పకుండా కూర్చునే మనిషిని ఏమనాలి? తండాలో కొందరు గాలి సోకిందన్నారు. అలా అన్నవాళ్ల మీద కూడా అతనికి కోపం రాలేదు.

హేమ్లి పోయింది మాఘమాసంలో. మిరపతోటలో కాయ ఏరుతూ ఏరుతూ, కాసేపు ఆగుతానని గట్టు మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు. ఆ సమయానికి హరిలాల్ ఎవరినో హైదరాబాదులో విమానం ఎక్కించి తిరిగి వస్తున్నాడు. అతను తండా చేరేసరికి ఆడవాళ్లు ఆమెకు పెళ్లినాటి పేటియా కట్టి పడుకోబెట్టారు. పేటియా అంటే లంబాడీ ఆడవాళ్లు కట్టుకునే అద్దాల లంగా. ముత్తైదువుగా పోయినదాన్ని పెళ్లిబట్టతోనే సాగనంపడం ఆ తండాలో పద్ధతి. పెట్టె తెరిచింది రామక్కే. ఆమె హరిలాల్‌ను పక్కకు పిలిచి, పేటియా ముందువైపు పెద్ద ముక్క ఎవరో కోసుకుపోయారని, ఎలుక కొరుకుడు కాదు కత్తెర పనేనని చెవిలో చెప్పింది. కోసిన చోటు కనపడకుండా పైన కొత్త చీర కప్పారు. హరిలాల్ ఊ అన్నాడు. అందరూ ఏడ్చారు, అతను ఏడవలేదు. మగాడు, గట్టివాడు అన్నారు. గట్టితనమూ లేదు పాడూ లేదు, ఏడుపు రాలేదు, అంతే.

ఒక్కగానొక్క కూతురు జ్యోత్స్న చర్లలో ఆశ్రమ పాఠశాల టీచరు. ఈ వేసవిలో నెలలు నిండకముందే నొప్పులు వచ్చి భద్రాచలం దవాఖానాలో ఆడపిల్లను కన్నది. గుప్పెడంత పిల్ల. కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉంచి, ఇప్పుడు పాలు బాగానే తాగుతోంది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వడగాలి మాత్రం తగలనివ్వొద్దని నర్సు ఒకటికి పదిసార్లు చెప్పింది.

తొలికాన్పు తర్వాత తల్లీబిడ్డా రావలసింది పుట్టింటికి. తల్లి లేకపోయినా పుట్టిల్లు పుట్టిల్లే కదా అని హరిలాల్ ఇంటికి సున్నం కొట్టించాడు. పిల్లకు నీళ్లు పోయడానికి రామక్కను ఒప్పించాడు. జూలూరుపాడు దాటాక అడవి అంచునున్న ఆ తండాకు కూతురినీ మనవరాలినీ తన కారులోనే తెచ్చుకుంటానన్నాడు. అతనిలో మిగిలిన పట్టుదల ఆ ఒక్కటే. అది కూడా జరక్కపోతే ఆ ఇంటి గడప ఇక ఎవరు తొక్కుతారు?

జ్యోత్స్న మాత్రం ఒప్పుకోలేదు. అందుకు కారణం లేకపోలేదు. కడుపుతో ఉండగా ఒక మధ్యాహ్నం చర్ల నుంచి దవాఖానాలో పరీక్షలకని ఈ కారులోనే వచ్చింది. సగం దారికి ఏసీ ఆగింది. ఆమెకు కళ్లు బైర్లుకమ్మి సీటు మీద ఒరిగిపోతే, తండ్రి నిద్రపోతోందనుకుని కారు ఇంకా నెమ్మదిగా పోనిచ్చాడు. తర్వాత తెలిసినప్పుడు కూడా కంగారుపడలేదు. ఆ కంగారుపడకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

డిశ్చార్జికి ముందురోజు సాయంత్రం వార్డులో ఆ మాట తేల్చేసింది. తండా మాటలో నాన్నను బా అంటారు.

"రోజూ ఫోన్ల ఎండెట్లుంది బా అని అడుగుత. బానే ఉంది అంటవ్. ఊరంత ఉడికిపోతున్నా నీకు బానే ఉంటది. రేపు నా బిడ్డ ఎనక సీట్ల ఎండిపోతున్నా బానే ఉందనే అంటవ్. ఎండ ఎండ లెక్కనే ఉందని నీ నోటితోని చెప్పిన నాడు నీ కారెక్కుత."

రేపు మధ్యాహ్నం తన భర్త పవన్ తల్లాడ నుంచి వేరే కారు కిరాయికి తెస్తున్నాడని, అత్తగారింటికే పోతానని చెప్పింది. సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరదామా అని హరిలాల్ అడిగాడు. సాయంత్రం ఎక్కడ చల్లబడుతోంది బా అని ఆమె అటు తిరిగి పడుకుంది. అతను వరండాలో కూర్చుని ఆ మాట గురించి ఆలోచించాడు. నిజంగానే సాయంత్రాలు చల్లబడటం లేదా? అతనికి తెలియదు.

తెల్లవారగానే వంతెన దాటి బూర్గంపాడులో రవికుమార్ షెడ్డుకు పోయాడు. రవికుమార్ కార్ల ఏసీలు బాగుచేస్తాడు, మాట దురుసు, చెయ్యి నెమ్మది. అంతకుముందు ఖమ్మంలో రెండు చోట్ల చూపిస్తే రెండు చోట్లా గ్యాసు తగ్గిందని గ్యాసు కొట్టి పంపారు. ఏసీ అనగానే గ్యాసు కొట్టడం ఈ ప్రాంతపు మెకానిక్కులకు జ్వరమనగానే సూది వేసినట్టు. రెండోసారి కొట్టాక ఏసీ ఇంకా తొందరగా ఆగడం మొదలుపెట్టింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

రవికుమార్ కారు స్టార్ట్ చేసి, ఏసీ గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసి, తీసేశాడు. చల్లగా వస్తోంది. ఇప్పుడు చూడనన్నాడు. రోగం మధ్యాహ్నం వస్తుంటే పొద్దున నాడి పట్టుకుని ఏం లాభమని, ఎండెక్కేదాకా కారును నీడన పెట్టొద్దని చెప్పి, అప్పటిదాకా ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పటి నుంచి ఇలా ఉంది? హరిలాల్ చెప్పలేకపోయాడు. కారు ఆగినప్పుడు పోతుందా, పరుగు మీద ఉన్నప్పుడు పోతుందా? చెప్పలేకపోయాడు. పోయాక మళ్లీ దానంతటదే వస్తుందా? అదీ తెలియదన్నాడు.

"నడిపేది నువ్వే కదే అన్నా?"

"అవ్."

"మరి నీకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది?"

ఎక్కినోళ్లకు తెలుస్తది తమ్మీ అన్నాడు హరిలాల్. రవికుమార్ నవ్వబోయి, అతని ముఖం చూసి ఆపేశాడు. హేమ్లి సంగతి అతనూ విన్నాడు. ఇక మనిషిని అడగడం మానేసి, ఎక్కినవాళ్లు ఏమేం తిట్టారో చెప్పమన్నాడు. తిట్లయితే హరిలాల్‌కు గుర్తున్నాయి. ఇల్లందు గేటు దగ్గర రైలు కోసం ఆగినప్పుడు తిట్టారు. కొత్తగూడెం సెంటర్లో తిట్టారు. పాల్వంచ దాటి ఖాళీ రోడ్డు దొరికాక కొంచెం ఊరుకున్నారు. పోయిన చలికాలం ఎవరూ ఏమీ అనలేదు. అంతకుముందు వేసవిలోనూ అనలేదు. రవికుమార్ తలూపాడు. తిట్లు కలిపి చూస్తే రోగం సగం తెలిసింది. కారు ఆగితే పోతోంది, గాలి తగిలితే వస్తోంది, ఈ ఏడే మొదలైంది.

ఎండ నడినెత్తికి వచ్చాక పని మొదలైంది. షెడ్డు ముందు సిమెంటు గచ్చు మీద కారు నిలిపి, ఇంజిను ఆడుతుండగా మీటరు గొట్టాలు తగిలించాడు. నీళ్లు పడతాయని హరిలాల్ చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. ఆ గచ్చు మీద ఉత్తికాళ్లతో నిలబడ్డాడు. రవికుమార్ రెండుసార్లు చెప్పాడు, అన్నా కాళ్లు కాలతయి, నీడకు రా అని. హరిలాల్ మీటరునే చూస్తున్నాడు.

ముల్లు పాకుతూ పాకుతూ ఎర్ర గీత దాకా పోయింది. టక్కుమంది. చల్లగాలి ఆగింది. రవికుమార్ నీళ్ల పైపు తీసుకుని, బోనెట్ ఎత్తి, పైనుంచి రేడియేటరు ముందుండే కండెన్సరు పలక మీద ధారగా వదిలాడు. ముల్లు దిగింది, టక్కుమంది, చల్లగాలి తిరిగి వచ్చింది. పైపు తీసేస్తే మళ్లీ ముల్లు పైకి. గ్యాసు బాగానే ఉంది, అవసరానికి మించే ఉంది, కంప్రెసరూ బాగుంది అని తేల్చాడు. లోపలి వేడిని తెచ్చి బయట వదిలేది ఆ పలకే. దానికి గాలి ఆడటం లేదు. ఫ్యాను తిరుగుతున్నా, ముందు జాలీ దగ్గర పట్టుకున్న కాగితం అతుక్కోకుండా కింద పడింది.

టార్చి వేసి చూసి, ఇదేందన్నా అన్నాడు. జాలీకి, కండెన్సరుకు మధ్యనున్న సందులో పైన కమ్మీకి రెండు నల్ల దారాలు కట్టి ఉన్నాయి. వైర్లను కట్టే దారాల్లాగే ఉన్నాయి, అందుకే గ్యాసు కొట్టినవాళ్ల కంట పడలేదు. కత్తిరించి పైకి లాగాడు. పత్తి నూగు, సీతాకోకచిలుకల రెక్కలు, రోడ్డు దుమ్ము కలిసి గట్టిపడిన రొట్టె లాంటిది బయటికి వచ్చింది. బంపరు కింద కుక్కిన గోనెముక్క అనుకుని పక్కకు విసరబోయాడు. ఎండలో అందులోంచి ఏదో తళుక్కుమంది.

హరిలాల్ చెయ్యి చాచాడు. గచ్చు మీద పరిచి, పైపు నీళ్లతో కడిగాడు. దుమ్ము కింద ఎరుపు వచ్చింది, ఎరుపు మీద పసుపు దారం, దారం మధ్యన వరసగా అద్దాలు. అంచున గవ్వలు. నడిమధ్యన ఒక అద్దం ఊడిపోయిన చోట తెల్లటి చొక్కా గుండీ కుట్టి ఉంది. ఆ గుండీ అతనిదే. పెళ్లైన కొత్తలో అద్దం ఊడిపోతే, దొరికిందే కుట్టానని హేమ్లి తీసుకొచ్చి చూపించింది. చాలా రోజులు అతను గుండీ లేని చొక్కాతోనే తిరిగాడు.

పోయిన వానాకాలం ఇసుక లారీ ఒకటి ఒరుసుకుపోయి కారు అద్దం ఎత్తుకుపోయింది. జానెడు ఇటు జరిగి ఉంటే హరిలాల్ లేడు. అప్పుడు హేమ్లి ఏమీ అనలేదు. దసరాకు కారు పూజ రోజున, గుమ్మడికాయ మరిచావు తెమ్మని అతన్ని అంగడికి పంపింది. తిరిగి వచ్చేసరికి ఆమె మోచేతుల దాకా నల్లటి మడ్డి. ఏం చేశావంటే తుడిచానంది. అంత పండగపూట ఇంజిను లోపల తుడుపేమిటని అతను నవ్వాడు. తండా ఆడవాళ్ల లెక్క ఒకటుంది. దిష్టికి పాత పేలిక కడితే పనిచేయదు, తనకు ప్రాణమైన బట్టలోంచి కోసి కట్టాలి. కట్టినట్టు ఎవరికోసం కట్టారో వాళ్లకు చెప్పకూడదు. చెబితే దాని బలం పోతుంది. హేమ్లి చెప్పలేదు. చెప్పకుండానే పోయింది.

రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి చెడ్డ చూపూ అద్దాలకు తగిలి వెనక్కి పోవాలనుకుంది. కారుకు కూడా గాలి కావాలని ఆమెకు ఎవరు చెప్పారు? దసరా నుంచి దుమ్మూ పత్తీ పట్టి గుడ్డ మూసుకుపోయింది. ఆమె కోసిన పేటియాతోనే ఆమె మట్టిలోకి పోయింది. హరిలాల్ ఇదంతా ఒకటొకటిగా, ఎవరో వేరేవాళ్ల సంగతిలా ఆలోచించాడు. గుడ్డను పిండాడు. నీళ్లు గచ్చు మీద పడిన చోటే ఆవిరైపోతున్నాయి.

రవికుమార్ బోనెట్ల కింద దిష్టికి కట్టినవి చాలానే చూశాడు. నిమ్మకాయలు చూశాడు, బొగ్గు చూశాడు, విభూతి పొట్లాలు చూశాడు, ఇలాంటిది చూడలేదు. కండెన్సరు కడిగి, ఎక్కువైన గ్యాసు దించి, మళ్లీ మీటరు పెట్టాడు. ముల్లు సగంలోనే నిలబడింది. టక్కు లేదు. హరిలాల్‌ను లోపల కూర్చోబెట్టి, అద్దాలు బిగించి, చల్లగుందా అని అడిగాడు.

"ఏమో."

"చెయ్యి పెట్టి చూడన్నా."

హరిలాల్ చెయ్యి పెట్టాడు. ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వాటినే కాసేపు చూసి, ఉన్నది తమ్మీ అన్నాడు. మాట కొంచెం వణికింది. చలికి కావచ్చు.

గుడ్డను ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తోచలేదు. మళ్లీ ముందు కట్టలేరు. డిక్కీలో పడేయడానికి హరిలాల్‌కు మనసొప్పలేదు. చివరికి వెనక సీటు కిటికీకి, ఎండ పడే వైపు, తెర కట్టినట్టు కట్టాడు. అద్దాలు బయటికి, రోడ్డు వైపు. ఇన్నాళ్లూ కారెక్కే సార్లు నవ్వుతారని కారు మీద తండా గుర్తు ఒక్కటి కూడా ఉండనివ్వని మనిషి, ఇప్పుడు దాని గురించి ఆలోచించను కూడా లేదు. పవన్ కారు ఈపాటికి తల్లాడ దాటి ఎంతో దూరం వచ్చేసి ఉంటుంది. వంతెన మీద గోదావరి ఇసుక తెల్లగా మెరుస్తుంటే, కళ్లు చికిలించి నడిపాడు.

దవాఖానా ముందు పవన్ తెచ్చిన కారు అప్పటికే నిలబడి ఉంది. కొత్త కారు, డ్రైవరు లోపలే కూర్చున్నాడు, ఇంజిను ఆడుతూనే ఉంది, అద్దాల మీద చల్లదనం తెల్లగా పట్టింది. పవన్ మంచివాడు. మామను చూసి ఇబ్బందిపడి, చిన్నపాప కదా మామా, ఏమనుకోకు అన్నాడు. హరిలాల్ ఏమీ అనుకోలేదు. జ్యోత్స్న వరండా నీడలో బిడ్డను మెత్తటి గుడ్డలో చుట్టుకుని కూర్చుంది. హరిలాల్ కారు దిగకుండానే అద్దం దించి, ఏసీ బాగైందమ్మా, ఒకసారి కూర్చుని చూడు అన్నాడు.

ఆమె లేచి వచ్చింది. బిడ్డను పవన్ చేతికిచ్చి, వెనక తలుపు తీసి, మొదట తానొక్కతే కూర్చుంది. తలుపు వేసుకుని చాలాసేపు కదల్లేదు. చల్లదనం నిలబడుతుందా, కాసేపటికి పోతుందా అని చూస్తోంది. తర్వాత చూపు కిటికీ తెర మీద పడింది. గుండీ దగ్గర వేలు పెట్టి, యాడిది కదా అంది. యాడి అంటే అమ్మ. అవ్ అన్నాడు హరిలాల్.

"ఏడ దొరికింది?"

ముందు జాలీ వెనక కట్టిందని, దసరా నాడు కట్టిందని, దాని వల్లే ఏసీకి గాలి ఆడలేదని చెప్పాడు. వేరే మాటలేవీ చేర్చలేదు. జ్యోత్స్న ఆ ముక్కను అరచేత్తో ఒత్తుకుని కూర్చుంది. కళ్లు నిండాయి, జారాయి, ఆమె తుడుచుకోలేదు. ఆమె ఏడుపు అద్దంలో చూస్తూ అతను స్టీరింగు పట్టుకునే ఉన్నాడు.

అయినా ఆమె టీచరు. లెక్క తప్పనివ్వదు. ముక్కు చీదుకుని, రోజూ ఫోనులో అడిగే మాటే అడిగింది.

"బయట ఎండెట్లుంది బా?"

ఆమె ఆ మాట ఎందుకు అడుగుతోందో అతనికి తెలుసు. ఏం చెబితే కారెక్కుతుందో కూడా తెలుసు. ఎండ మండిపోతోంది అంటే సరిపోతుంది. కానీ ఆ బిడ్డ విషయంలో అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. తెలియకుండా తెలిసిందని ఎలా అంటాడు? చూసి చెప్త అని తలుపు తీసి, కాలు కింద పెట్టాడు.

చెప్పులు రవికుమార్ షెడ్డులోనే ఉండిపోయాయి. కాలు తారు మీద పడింది. పడిన కాలు వెంటనే పైకి లేచింది. రెండో కాలు పెట్టాడు, అదీ లేచింది. తలుపు పట్టుకుంటే తలుపు కాలింది. నెత్తి మీద ఎండ, ముఖం మీద వడగాలి, అరికాళ్ల కింద నిప్పులు, మాఘమాసం నుంచి దాచిపెట్టినట్టు అన్నీ ఒక్కసారే. గచ్చు మీద నిలబడినప్పుడు కాలినవి ఇప్పుడు మండుతున్నాయి. నాలుక మీద బొబ్బ కూడా. హరిలాల్ ఎగరలేక, నిలబడలేక, కారు పట్టుకోలేక, దవాఖానా ముందు అందరూ చూస్తుండగా ఏడ్చాడు. చిన్నపిల్లాడు కాలు కాల్చుకుని ఏడ్చినట్టు, పెద్దగా.

"కాలుతున్నది బిడ్డా. నిలవడలేకపోతున్న."

పవన్ కంగారుగా ముందుకు వచ్చాడు. జ్యోత్స్న తలుపు తీసి అతన్ని ఆపి, చేతిలోంచి బిడ్డను అందుకుంది. తెర కట్టిన కిటికీ వైపుకు జరిగి, తన పక్కన సీటు మీద చెయ్యి వేసి చూపించింది.

"లోపటికి రా బా. కాళ్లు పైన పెట్టుకో. మనింటికి పోదాం, నీ అల్లుడు నడుపుతడు."